దక్షిణాంధ్ర వాఙ్మయ పరిశోధనకు ఆకరములు

తెలుగు సాహిత్యమునందు పరిశోధన చేయగోరు మన పిల్లలకు, ఎమ్.ఏ. ముగిసి సిద్ధాంతవ్యాసమునకు విషయము కుదిరినది మొదలు, ఒక దిగులు పట్టుకొనును. తాము పుట్టినది కోవిల్‌పట్టి, పెరిగినది విరుదునగరము. ఆకరగ్రంథములన్నియు ఎక్కడనో కృష్ణా గోదావరీ తీరములందుండునని వారి తలంపు. పెద్దలలో సైతము అట్లనుకొనువారు లేకపోలేదు. చరిత్ర చూడగా సంగతి వేఱుగా నున్నది. వాఙ్మయ చరిత్రకారులు దక్షిణాంధ్రయుగమని పేర్కొను 17, 18 శతాబ్దులలో తెలుగు సరస్వతి కొలువుదీరినది తంజావూరు, మధుర, పుదుక్కోట సంస్థానములందే.

మధురనేలిన విజయరంగ చొక్కనాథుడు (1706–1732) శ్రీరంగమాహాత్మ్యమును, మాఘమాహాత్మ్యమును తెలుగు వచనమున రచించెను. ఆయన కొలువులోని సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు అహల్యాసంక్రందనము, రాధికాసాంత్వనము అను కావ్యములే కాక జైమినిభారతమును వచనముగా వ్రాసెను. శేషము వేంకటపతి శశాంకవిజయము పుట్టినదియు నచ్చటనే. పద్యమునకే పట్టము గట్టిన భాషలో వచనమునకు పీట వేసినది మధుర యని నా యభిప్రాయము. పుదుక్కోట తొండమానుల ఆశ్రయమున నుదురుపాటి వేంకన ఆంధ్రభాషార్ణవమను నిఘంటువును పద్యములలో కూర్చెను. తంజావూరి రఘునాథ, విజయరాఘవ నాయకుల మాట ఎల్లరెఱిగినదే. ఈ వాఙ్మయమును పరామర్శించి గ్రంథస్థము చేసినవారు మద్రాసు విశ్వవిద్యాలయమున తెలుగుశాఖ నిర్వహించిన నిడుదవోలు వెంకటరావుగారు. మన ప్రాంతపు విద్యార్థి తొలుత తెఱవవలసినది వారి గ్రంథమే.

అచ్చుపుస్తకములు చదివినంతమాత్రమున పరిశోధన కాదు. వ్రాతప్రతులు చూడవలెను. తంజావూరి సరస్వతీమహలు నాయకరాజుల నాటినుండి పెరిగినది. శరభోజి మహారాజు దానిని మిక్కిలి పోషించెను. 1918లో ప్రజలకు తెఱవబడెను. యస్వీ జోగారావుగారి యక్షగాన వాఙ్మయ చరిత్ర 1961లో వెలువడినది. తంజావూరి నాటకములు లేకున్న అట్టి చరిత్ర పూర్తి కానేరదు. చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారము 1869లో ఏర్పడినది. దానికి పునాది కర్నల్ మెకంజీ, బ్రౌను దొరలు కూర్చిన ప్రతులు. మెకంజీ (1754–1821) ఊరూర తన మనుష్యులను పంపి కైఫీయతులు వ్రాయించెను. వానికి సంగతులు చెప్పి వ్రాయించినవారిలో పెక్కుమంది మహాపండితులు కారు, గ్రామకరణములు. కచేరీలో దస్తరములు మోసి పింఛను పుచ్చుకొనుచున్న నాబోటివానికి ఈ మాట చెప్పుకొనుటలో కొంత గర్వము కలదు.

వ్రాతప్రతిని చూడకున్న నేమి నష్టమందురా? ముద్దుపళని కథ వినుడు. ఈమె తంజావూరి ప్రతాపసింహుని (1739–1763) కాలమున రాధికాసాంత్వనమును రచించిన విదుషి. 1887లో ఆ కావ్యమచ్చయినది. తరువాత బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాతప్రతి సంపాదించి రెంటిని సరిపోల్చగా, అచ్చుప్రతిలో కొన్ని పద్యములును, కవయిత్రి తన వంశమును చెప్పుకొనిన పీఠికయు లేవని తేలినది. ఆ పీఠిక లేనిచో ముద్దుపళని ఎవ్వరో మనకేమి తెలియును? నాగరత్నమ్మగారు 1910లో వావిళ్లవారిచేత సమగ్రముగ ప్రకటింపించిరి. 1911లో ప్రభుత్వము దానిని నిషేధించెను. ప్రకాశము పంతులుగారి పూనికతో 1947లో ఆ నిషేధము తొలగెను. నాగరత్నమ్మగారికి ఏ విశ్వవిద్యాలయపు పట్టమును లేదు. అయినను పాఠపరిష్కరణమన నేమో నేర్చుకొనుటకు ఇంతకన్న మంచి పాఠము వేఱొకటి నాకు కానరాదు.

ఇక మన ఇండ్ల సంగతి. కోవిల్‌పట్టి దాపుననే ఇడైసేవల్ గ్రామమున తెలుగుకుటుంబమున జన్మించిన కి. రాజనారాయణన్‌గారు 1976లో ప్రకటించిన ‘గోపల్ల గ్రామము’ తమిళనవలయే. అయినను అది మన పూర్వులు తెలుగుదేశమును విడిచి ఈ నల్లరేగడి భూములకు వచ్చి నిలిచిన కథ. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. బడిచదువు అంతంతమాత్రమే అయిన ఆయన రైతుల నోటిమాటలు ఏరి ఈ కరిసల్ సీమ మాండలికమునకు నిఘంటువు కూర్చిరి. పుదుచ్చేరి విశ్వవిద్యాలయము ఆయనను ఆచార్యునిగా పిలిచి గౌరవించెను. 2021లో కాలధర్మము చెందిరి. తమిళమునకు ఆయన చేసినపని మన ఇంటి తెలుగునకు ఎవరు చేయుదురు? పెండ్లిపాటలు, లాలిపాటలు, కులగాథలు మన ముసలమ్మల నోట నేటికిని కొన్ని కలవు. తెలంగాణమున బిరుదురాజు రామరాజుగారు ఇట్టి పాటలనే సేకరించి చేసిన సిద్ధాంతవ్యాసము ‘తెలుగు జానపదగేయ సాహిత్యము’ 1958లో అచ్చయినది.

కాలము మాత్రము మనకొఱకు ఆగదు. 2011 జనాభాలెక్కలలో ఈ రాష్ట్రమున తెలుగు మాతృభాషయని వ్రాయించినవారు 42 లక్షలకు పైబడిరి. 2006 నాటి చట్టముచేత బడులలో తమిళము నిర్బంధపాఠ్యమైనది. తమిళము నేర్వవలసినదే, అందుకు వగపు లేదు. ఇంట తెలుగు మాటాడుచు తెలుగు అక్షరమెఱుగని తరము పెరుగుచున్నది, అదియే చింత. అటుకమీది తాటాకుకట్టను చదువువారు లేనప్పుడు దాని గతి యేమి? కోవిల్‌పట్టికి పడమట, శంకరన్‌కోవిల్ దరి కరివలంవందనల్లూరి దేవాలయమున నుండిన తాటాకులను ఆగమవిధి యని అగ్నికి ఆహుతి చేసిరని తెలిసి స్వామినాథయ్యరుగారు ఎంతయో కుమిలిపోయిరి. ఆ గ్రంథములు తమిళములు. నిప్పునకు భాషాభేదము లేదు.

కావున పరిశోధనకు బూనిన బిడ్డలు మొదట తమ ఇంటి అటుకను, అవ్వను విచారింపవలెను. పాడినవారి పేరు, ఊరు, తేది ఆనాడే వ్రాసికొనవలెను. ఒక చీటిమీద ఒక్క విషయమే యుండవలెను. వ్రాతప్రతి సంఖ్య, ఆకుసంఖ్య, ఏవైపున నున్నదో గుర్తించవలెను. విషయము నిశ్చయించుటకు ముందు ఇతరులు ఇదివఱకే వ్రాసినదేమో చూచుటకు ‘శోధగంగ’ కలదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము నిబంధనలను అనుసరించి సిద్ధాంతవ్యాసములు అందు నిక్షేపింపబడుచున్నవి. ఇంటనుండియే చదువవచ్చును. మాకాలమున ఇట్టి సౌకర్యము కలలోనైన లేదు.

తాటాకు దొరకినచో తొందరపడి విప్పరాదు. పొడిబారిన ఆకు వంచిన విరుగును. నిమ్మగడ్డినూనె పూసి మెత్తబఱచుట తెలిసినవారిచేతనే చేయింపవలెను. కడపటి ఆకున వ్రాయసకాడు తన పేరు, సంవత్సరనామము, మాసము, తిథి, వారము వ్రాయుట వాడుక. పార్థివ నామ సంవత్సరమనినంతనే కాలము తేలదు. అది 1705 కావచ్చును, 1765 కావచ్చును. తిథివారములు రెండును కుదిరిన యేడే సరియైనది. ఆ లెక్కకు స్వామికన్ను పిళ్లగారు 1922లో ప్రకటించిన పంచాంగ సంపుటములు కలవు, వానిలో క్రీ.శ. 700 మొదలు 1799 వఱకు ప్రతిదినమునకును గణితము సిద్ధముగ నున్నది.