మేజరయిన బిడ్డకు సంరక్షకుడెవరు?

బిడ్డకు పద్దెనిమిదేళ్ళు నిండడం ఏ ఇంటనైనా సంతోషించవలసిన సంగతే. కాని బుద్ధివికాసం తక్కువైన బిడ్డ ఉన్న ఇంట ఆ రోజున తల్లిదండ్రుల చేతిలోని అధికారం ఒకటి చప్పుడు లేకుండా జారిపోతుంది. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండినవాడు మేజరు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం గాని, 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం గాని మైనర్లకే వర్తిస్తాయి. మరునాటినుండి ఆ బిడ్డ పేర బ్యాంకులో సంతకం పెట్టడానికి, వాని వాటా పొలం గూర్చి దస్తావేజు వ్రాయడానికి కన్నతండ్రికి సైతం కేవలం తండ్రి అయినందువలన హక్కు లేదు. ఈ సంగతి చాలా కుటుంబాలవారికి అవసరం నెత్తిమీదికి వచ్చినప్పుడే తెలుస్తున్నది. అందుచేత ఈ విషయంలో చట్టం నడచివచ్చిన దారిని ఈ ఉగాది సంచికలో చదువరులకు మనవి చేయదలచినాను.

ఆస్తి పంపకాల విషయంలో తెలుగువారికీ కన్నడిగులకూ చిరకాలంగా ప్రమాణమైన గ్రంథం మితాక్షరి. దానిని రచించిన విజ్ఞానేశ్వరుడు చాళుక్య విక్రమాదిత్యుని కాలంలో కల్యాణ నగరమందున్నవాడు. ఆ కల్యాణమే నేటి కర్ణాటకలోని బసవకల్యాణ. పదమూడవ శతాబ్దంలో కేతన కవి ఆ ధర్మశాస్త్రాన్ని విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు చేసినాడు. మను, యాజ్ఞవల్క్య స్మృతులలో వలెనే మితాక్షరిలోను పుట్టుగుడ్డికి, పిచ్చివానికి, జడునికి తండ్రి ఆస్తిలో వాటా లేదు. కాని బ్రతికినన్నాళ్ళూ వానికి కూడూ గుడ్డా చూడవలసిన బాధ్యత వాటా పొందినవారిది. శాస్త్రం వానిని ఆకలికి వదలలేదు, నిజమే. అయితే ఇంటి వ్యవహారంలో వానికి చోటు లేకుండా చేసినది.

ఈ కట్టడి సడలడానికి చాలాకాలం పట్టినది. 1928లో వచ్చిన ఒక చట్టం అంగవైకల్యం గలవారికి వారసత్వపు హక్కు ఇచ్చినది గాని, పుట్టుకతో మతి లేనివారిని మాత్రం వెలుపలనే ఉంచినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షనులో, రోగం వలన గాని వైకల్యం వలన గాని ఎవరికీ వారసత్వం పోదని తేల్చి చెప్పినది. వాటా ఈ విధంగా వచ్చినది. మరి ఆ వాటాను చూచేదెవరు?

దీనికి ఇంగ్లీషువారు చూపిన మార్గం కోర్టు. 1858లో మతి చెడినవారిని గూర్చి మూడు చట్టాలు చేసినారు. వాటిలో ఒకటి జిల్లా కోర్టులకు సంబంధించినది. జిల్లా జడ్జీ విచారణ జరిపి, ఫలానా మనిషికి తన వ్యవహారం చక్కబెట్టుకొనే శక్తి లేదని తేలితే, వాని ఆస్తికి ఒక మేనేజరును, వాని శరీరపోషణకు ఒక సంరక్షకుని నియమించేవాడు. 1912 నాటి లూనసీ చట్టం ఈ పద్ధతినే కొనసాగించినది. పిచ్చివాడన్నా, పుట్టుకతో బుద్ధి ఎదగనివాడన్నా ఆ చట్టం దృష్టిలో ఒక్కటే. ఇందులో లోపం స్పష్టమే. అయినా మేజరయిన బిడ్డకోసం తండ్రి కోర్టుకు పోవడానికి ఒక తలుపంటూ ఉండేది.

ఇంతలో వైద్యశాస్త్రం ముందుకు నడచినది. అందుకు మన బెంగళూరే సాక్షి. ఇక్కడి పిచ్చాసుపత్రికి 1925లోనే మెంటల్ హాస్పిటల్ అని పేరు మార్చినారు. 1954లో దానికి తోడుగా అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వెలసినది. 1974లో ఈ రెండూ కలిసి హోసూరు రోడ్డున మనమందరమెరిగిన నిమ్హాన్స్ అయినది. మనస్సుకు వచ్చే జబ్బు వేరు, పుట్టుకతో బుద్ధి ఎదగకపోవడం వేరు అన్న సంగతి క్రమంగా అందరికీ బోధపడినది. ఈ రెండవ తరగతి వారికోసమే 1984లో మన సికింద్రాబాదులో ఒక జాతీయ సంస్థ ఏర్పడినది.

ఆ భేదాన్ని చట్టంలోకి తెచ్చినది 1987 నాటి మెంటల్ హెల్త్ చట్టం. 1993 ఏప్రిల్ 1న అది అమలుకు రాగా 1912 చట్టం రద్దయినది. మానసిక రోగి అన్న నిర్వచనం నుండి బుద్ధిమాంద్యం గలవారిని కొత్త చట్టం తొలగించినది. ఉద్దేశం మంచిదే, ఫలితం మాత్రం విచిత్రమైనది. పాత తలుపు మూసివేసినారు, కొత్త తలుపు పెట్టలేదు. పెద్దవాడైన ఆ బిడ్డకు సంరక్షకుని నియమించే తిన్నని మార్గం ఆ కొన్నేళ్ళు లేకపోయినది. తాము పోయిన తరువాత తమ బిడ్డల గతి ఏమన్న చింతతో తల్లిదండ్రులు ఊరూరా సంఘాలుగా చేరినారు. ఆ సంఘాల సమాఖ్య అయిన పరివార్ 1990ల మధ్యలో బెంగళూరు కేంద్రంగా ఏర్పడడం మనం గుర్తుంచుకోదగినది.

1999లో పార్లమెంటు నేషనల్ ట్రస్టు చట్టం చేసినది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు గలవారికి ఇది వర్తిస్తుంది. దీని ప్రకారం కోర్టు మెట్లు ఎక్కనక్కరలేదు. స్థానిక కమిటీ ఉంటుంది. అందులో జిల్లా అధికారి, అనగా ఇక్కడ డిప్యూటీ కమిషనరు, మన వైపున కలెక్టరు, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం గల వ్యక్తి ఒకరు, ఈ ముగ్గురు సభ్యులు. తల్లిదండ్రులు గాని బంధువులు గాని దరఖాస్తు పెట్టుకొనవచ్చును. సంరక్షకుడు అవసరమా, అయితే ఏ పనులకు అవసరం అని కమిటీ చూడాలి. నియమితుడైనవాడు ఆరు నెలలలో ఆస్తి జాబితా ఇవ్వాలి, ఏటేటా లెక్క చెప్పాలి. బిడ్డను నిర్లక్ష్యం చేసినా, సొమ్ము మింగినా వానిని తొలగించమని కోరవచ్చును.

ఆ తరువాత ప్రపంచంలోనే మరొక ఆలోచన బలపడినది. వైకల్యం గలవారి హక్కులను గూర్చి ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒడంబడికను మన దేశం 2007లో ధ్రువపరచినది. ఇతరులతో సమానంగా వీరికీ చట్టం ముందు వ్యక్తిత్వం ఉన్నదని దాని పన్నెండవ అధికరణ చెప్పుతున్నది. 2009లో సుప్రీంకోర్టు, చండీగఢ్‌కు సంబంధించిన ఒక కేసులో, స్వల్ప బుద్ధిమాంద్యం గల మేజరు స్త్రీ తన శరీరం గూర్చి చెప్పిన మాటను ప్రభుత్వం త్రోసివేయరాదని తీర్పు చెప్పినది. 2017 ఏప్రిల్‌లో అమలుకు వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పరిమిత సంరక్షకత్వమనే పద్ధతిని తెచ్చినది. ముందు బిడ్డకు కావలసిన సాయం చేయాలి. అప్పటికీ చాలకపోతే, ఒక ప్రత్యేక నిర్ణయానికి, ఒక గడువుకు, ఆ బిడ్డ ఇష్టాన్ని అనుసరించి ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవాలి. ఇక మనోవ్యాధి గలవారి విషయానికి వస్తే, 2017 నాటి చట్టం చికిత్సకొరకు ప్రతినిధిని నియమించుకోనిచ్చినది గాని ఆస్తికి సంరక్షకుని సంగతి చెప్పలేదు. ఆ లోటు తీరవలసి ఉన్నది.

పొట్టకూటికై ఊరు విడచి వచ్చిన మనకు ఈ చరిత్రతో ప్రత్యేకమైన పని గలదు. ఊళ్ళో ఉమ్మడి కుటుంబంలో ఇట్టి బిడ్డను పెత్తండ్రి, మేనమామ, వదినె తలా ఒక చేయి వేసి సాకేవారు. కాగితం అడిగినవారు లేరు. ఇక్కడ ఇరుకు ఇంట్లో తల్లీ తండ్రీ బిడ్డా మాత్రమే ఉంటారు. వాటా చిత్తూరు జిల్లాలోనో అనంతపురం జిల్లాలోనో ఉంటుంది, అన్నదమ్ములు తలా ఒక దేశంలో ఉంటారు. కాగితం లేకపోతే ఆ బిడ్డ తరఫున మాట్లాడేవాడే ఉండడు.

రైల్వేలో గుమాస్తాను కాబట్టి పింఛను సంగతి ఒకటి చెప్పుతాను. మామూలుగా పిల్లలకు కుటుంబ పింఛను ఇరవై అయిదేళ్ళ వరకే. సంపాదించుకొనలేని వైకల్యం గల బిడ్డకు జీవితాంతం వస్తుంది. వైకల్యం బుద్ధికి సంబంధించినదైతే అది సంరక్షకుని ద్వారా చెల్లుతుంది. నేషనల్ ట్రస్టు కమిటీ ఇచ్చిన పత్రం ఇందుకు పనికివస్తుంది. కావున ఉద్యోగంలో ఉండగానే బిడ్డ పేరు కుటుంబ వివరాలలో ఎక్కించడం, వైద్య ధ్రువపత్రం తీసుకోవడం, తమ తరువాత చూడవలసినవారిని గూర్చి ముందే వ్రాసిపెట్టడం పెద్దల విధి. తండ్రి పోయిన దుఃఖంలో ఆఫీసుల చుట్టూ తిరగడం ఆ తల్లికి ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

అయితే కాగితం చేతికి వచ్చినంత మాత్రాన బిడ్డ నోరు మూయించరాదు. చిల్లర లెక్కపెట్టలేనివాడికి కూడా ఏ అన్న దగ్గర ఉంటే తనకు సుఖమో తెలుసును. ఏ చొక్కా తొడగాలో, ఎవరి చేతి అన్నం తినాలో వాడు చెప్పగలడు. పూర్వపు ధర్మశాస్త్రం వానికి అన్నం పెట్టినది, 1956 చట్టం వాటా ఇచ్చినది, ఇప్పటి చట్టం వాని మాట వినమంటున్నది. ఈ మూడూ ఒకే ఇంట్లో కలిసి ఉన్నప్పుడే ఆ బిడ్డకు న్యాయం జరిగినట్లు. ఈ కొత్త ఏడాదిలో అట్టి ఇళ్ళలోని పెద్దలు ఒక పూట కూర్చుండి, ఆ బిడ్డను కూడా కూర్చోబెట్టుకొని, ఈ సంగతి మాట్లాడుకోవాలని కోరుతూ, అందరికీ ఉగాది శుభాకాంక్షలు తెలుపుకొంటున్నాను.