గాలి పంతం

ఉండికి ఎంతో దూరం లేని గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగారు సన్యసించి స్వామి జ్ఞానానంద అయ్యారు. ఆ స్వామిగారే తర్వాత యూరప్ వెళ్ళి భౌతికశాస్త్రం చదివి, పాత్రలోంచి గాలిని తోడెయ్యడం ఎలాగో 1947లో ఇంగ్లీషులో ఒక గ్రంథం రాశారు.

దానికో గ్రంథం ఎందుకంటారా? వాయువుకి పంతం ఎక్కువ. నొక్కితే తిరిగి నెడుతుంది. కుండ మీద మూతను ఆవిరి ఎగరెయ్యడం చూడని ఇల్లాలెవరు? ఈ నెట్టుడునే పీడనం అంటారు. ఆకాశంలో చుక్కల్ని ఎక్కడ పెట్టాలో తేల్చడంలో దీనికీ పెద్ద భాగమే ఉంది.

1692లో న్యూటన్ మహాశయుడు బెంట్లీ అనే మతాచార్యుడికి జాబు రాస్తూ, అనంతాకాశంలో పరుచుకున్న పదార్థం ఆకర్షణవల్ల అక్కడో ముద్దా ఇక్కడో ముద్దా అవుతుందనీ, సూర్యుడూ నక్షత్రాలూ అలా పుట్టి ఉండవచ్చనీ అన్నాడు. బాగానే ఉంది. మరి వాయువు ఎదురు తిరిగితే?

ఆ లెక్క 1902లో జేమ్స్ జీన్స్ అనే ఇంగ్లీషాయన వేశాడు. మేఘం కుంచించుకుంటోందన్న కబురు దానిలో ధ్వని వేగంతోనే పాకుతుంది. మేఘం చిన్నదైతే కబురు వేళకి అందుతుంది, పీడనం సర్దుకుని వెనక్కి నెట్టేస్తుంది. పెద్దదైతే కబురు చేరేలోపే ఆకర్షణ పని కానిచ్చేస్తుంది. వేడి వాయువుకి పంతం మరీ ఎక్కువ కనుక, అది ముద్ద కావాలంటే ఇంకా పెద్ద మేఘం కావాలి.

విశ్వం పుట్టిన కొత్తలో జరిగిందీ ఇదే. సుమారు 3,80,000 ఏళ్ళపాటు వెలుగూ వాయువూ కలిసిపోయి ఉండేవి. ఆ పీడనానికి వాయువు ఎక్కడా కుదురుగా పోగుపడలేకపోయింది. అలలై ఊగింది, అంతే. వెలుగు విడిపోయాక పంతం సడలి, లక్ష సూర్యుల బరువుకి అటూ ఇటూగా ఉన్న మేఘాలు కూడా ముద్దకట్టే వీలు చిక్కింది. కంటికి కనిపించని కృష్ణపదార్థమని ఒకటుంది చూశారూ, దానికి పీడనం లేదు. అందుకే అది ముందే పోగై గుంటలు చేసిపెట్టింది. వాయువు తర్వాత తీరిగ్గా వచ్చి, వానకాలపు నీళ్ళు కొల్లేట్లోకి దిగినట్టు, వాటిల్లోకి దిగింది. పాలపుంతలు అలా వెలిశాయి.

అయితే ఈ పంతం అడ్డంకేనా? పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేస్తూ తూర్పుకేసి చూడండి. సూర్యుడు ఆ ఆకారంలో నిలబడ్డాడంటే లోపలి పీడనం చలవే. అది గనక ఒక్కసారి ఊరుకుంటే, పొయ్యి మీద అన్నం ఉడికేపాటి వ్యవధిలో, అరగంటలో, అంత సూర్యుడూ తనలోకి తనే కూలిపోతాడు.