పైనాపిల్ తింటే క్యాన్సర్ తగ్గుతుందా? బ్రోమెలైన్ ఎంజైమ్ గురించి అసలు విషయం ఇదీ..

పైనాపిల్ ముక్కలు నాలుగు ఎక్కువ తింటే నాలుక చురచురలాడుతుంది. చాలామందికి ఇది అనుభవమే. అందుకు ఒక కారణం పండులో ఉండే బ్రోమెలైన్. ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైమ్ ఇది. దీని పేరు చెప్పి ‘పైనాపిల్ తింటే క్యాన్సర్ మాయం’ అంటూ ఫోన్లలో మెసేజ్‌లు తిరుగుతుంటాయి. మరి ఇందులో నిజమెంత? చూద్దాం.

ఏంటీ బ్రోమెలైన్?

ఇది ఒక్క ఎంజైమ్ కాదు, కొన్ని ఎంజైమ్‌ల కలయిక. 1891లో వెనిజులా రసాయన శాస్త్రవేత్త విసెంటే మార్కానో దీన్ని పైనాపిల్‌లో గుర్తించారు. పండులో కంటే కాండంలో ఎక్కువగా ఉంటుంది. అందుకే పండ్లు కోసేశాక మిగిలిన కాండం నుంచి దీన్ని తీస్తారు. పచ్చి బొప్పాయి పాలలోని పపైన్ కూడా ఇలాంటిదే. మటన్ త్వరగా మెత్తబడాలని బొప్పాయి ముక్క వేసేది అందుకే.

ల్యాబ్‌లో ఏం తేలింది?

ల్యాబ్‌లో పెంచిన పలు రకాల క్యాన్సర్ కణాలపై బ్రోమెలైన్ వేస్తే వాటి పెరుగుదల తగ్గింది. కొన్ని కణాలు చనిపోయాయి కూడా. ఎలుకలపై చేసిన కొన్ని ప్రయోగాల్లోనూ ఆశాజనకమైన ఫలితాలు కనిపించాయి.

మనుషులపైనా ఒక ప్రయత్నం జరిగింది. సూడోమిక్సోమా పెరిటోని అనే అరుదైన జబ్బులో కడుపు లోపల జిగురు లాంటి పదార్థం పేరుకుపోతుంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో సర్జన్ డేవిడ్ మోరిస్ బృందం బ్రోమెలైన్‌కు ఎసిటైల్‌సిస్టీన్ అనే మందు కలిపి, ట్యూబ్ ద్వారా నేరుగా అక్కడికే పంపి ఆ జిగురును కరిగించే పద్ధతిని పరీక్షించింది. అంటే ఆసుపత్రిలో డాక్టర్ల చేతిలో జరిగిన చికిత్స అది. పండు తినడం కాదు.

మరి తింటే ఏమవుతుంది?

ఎంజైమ్ కూడా ప్రోటీనే. పప్పులోని ప్రోటీన్‌ను అరిగించినట్టే మన పొట్ట దీన్నీ చాలావరకు అరిగించేస్తుంది. కొద్దిగా రక్తంలోకి చేరినా, ల్యాబ్‌లో కణాలపై వాడిన మోతాదుతో పోలిస్తే అది చాలా చాలా తక్కువ. ఇక వేడి చేసి డబ్బాల్లో నింపిన పైనాపిల్‌లో ఈ ఎంజైమ్ దాదాపు పనిచేయదు.

ఎంజైమ్‌తో మందు సాధ్యమేనా?

సాధ్యమే. పిల్లల్లో వచ్చే ఒక రకం బ్లడ్ క్యాన్సర్‌కు వాడే ఆస్పరాజినేజ్ ఎంజైమే. దీని కథ 1953లో గినీ పిగ్ రక్తంపై చేసిన పరిశోధనతో మొదలైంది. ఇప్పుడు బ్యాక్టీరియా నుంచి తయారుచేసి, లెక్కగట్టిన డోసులో ఇంజెక్షన్‌గా ఇస్తారు. అదీ కీమో మందులతో పాటే. బ్రోమెలైన్ కూడా ఒక మందుగా ఇప్పటికే ఆమోదం పొందింది. కానీ క్యాన్సర్‌కు కాదు. కాలిన గాయాల్లో చచ్చిపోయిన చర్మాన్ని తొలగించడానికి యూరప్‌లో 2012లో, అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

బ్రోమెలైన్ మాత్రలు రక్తం పల్చబడే మందులతో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరగొచ్చు. ఆపరేషన్‌కు ముందు, కీమో జరుగుతున్నప్పుడు డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు.

అన్నింటికంటే పెద్ద ప్రమాదం మాత్రం పండును నమ్ముకుని చికిత్స ఆపేయడం. తొలి దశలో నయమయ్యే గడ్డ కూడా నెలలు గడిస్తే చెయ్యి దాటిపోవచ్చు. పైనాపిల్ ఇష్టమైతే, డాక్టర్ వద్దనకపోతే హాయిగా తినండి. ఆసుపత్రి అపాయింట్‌మెంట్ మాత్రం మానొద్దు. అలాంటి మెసేజ్ ఈసారి మీ ఫ్యామిలీ గ్రూప్‌లోకి వస్తే, ఫార్వర్డ్ చేసే ముందు ఒక్క క్షణం ఆగండి. ఆ గ్రూప్‌లో ఎవరో ఒకరు నిజంగానే చికిత్సలో ఉండొచ్చు.