చూడీ తప్పిన పేచ్

మామూ సైడ్ డ్రమ్ ఒక పక్క పలకడం లేదు. చుట్టూ ఎనిమిది రాడ్లున్నాయి. ఏడింటి దగ్గర పుల్లతో కొడితే ‘టక్’ అంటోంది. ఎనిమిదో దాని దగ్గర మాత్రం తడిసిన పరుపును కొట్టినట్టు ‘ధప్’ అంటోంది. చాబీ పెట్టి తిప్పితే ఆ రాడ్ తిరుగుతూనే ఉంటుంది, బిగుసుకోదు.

మామూ సికింద్రాబాద్‌లో బరాత్ బ్యాండ్‌లో వాయించేవారు. ఇంతెఖాల్ అయి చాలా ఏళ్లయింది. డ్రమ్ మాత్రం ముమానీ మంచం కింద పాత దుప్పట్లో ఉండిపోయింది. ఆడపిల్లల రిష్తా మాట్లాడ్డానికి ఎవరైనా వస్తున్నారంటే ముందు దాన్ని ఇంకాస్త లోపలికి నెట్టేవాళ్లు. బాజావాలే ఇల్లని తెలిస్తే షరీఫ్ ఖాందాన్ అనుకునేవాళ్లు చాయ్ సగంలో వదిలి లేచిపోయిన రోజులున్నాయి. ఇప్పుడు అందరి షాదీలూ అయిపోయాయి. మొన్న ఇల్లు సర్దుతుంటే పాత సామానుతో పాటు దీన్నీ తీసేద్దామన్నారు పిల్లలు. ముమానీ నాకు ఫోన్ చేసి, “ఫేకో నక్కో బేటా, ఒక్కసారి బాగుచేయించు” అంది. నవాబుల దేవిడీల మీద ఎన్ని వ్యాసాలు రాశానో లెక్కలేదు. బ్యాండ్‌వాళ్ల తారీఖ్ మీద ఒక్క ముక్క రాయలేదు. ఆ సిగ్గుతోనే వెళ్లి తెచ్చుకున్నాను.

ఇత్తడి షెల్, పైన నికెల్ పూత. కంపెనీ పేరు అరిగిపోయింది గానీ ‘ఇంగ్లండ్’ అన్న మాట ఇంకా చదవొచ్చు. విప్పేముందు ఏ రాడ్ ఎక్కడిదో చాక్‌పీసుతో నంబర్లేశాను. జంగ్ పట్టినవాటి మీద కిరోసిన్ చుక్కలు వేసి రాత్రంతా వదిలేశాను. గరుకు కాగితం పెట్టలేదు, మీరూ పెట్టకండి. పూత పోతే మళ్లీ రాదు. పొద్దున ఏడు రాడ్లు చేత్తోనే తిరిగి వచ్చాయి. ఎనిమిదోది తీసి మిగతావాటి పక్కన పెడితే అసలు మర్జ్ బయటపడింది. అది ఈ డ్రమ్‌ది కాదు. ఎవరో బజార్లో దొరికిన బోల్టును దూర్చి, చాబీతో జబర్దస్తీగా తిప్పారు.

ఖరాదీలు ‘చూడీ’ అంటారు, అంటే పేచ్ మీద ఉండే మర చుట్లు. పాత రాడ్ పావు అంగుళం లావు, అంటే 6.35 మిల్లీమీటర్లు. అంగుళానికి 20 చుట్లు. కొత్త బోల్టు 6 మిల్లీమీటర్లది, చుట్టుకీ చుట్టుకీ మధ్య ఒక మిల్లీమీటరు దూరం. పాతదానికి ఆ దూరం 1.27. కంటికి రెండూ ఒకటే. సన్నటిది కాబట్టి ఒకటి రెండు చుట్లు సాఫీగా వెళ్తుంది. ఆపైన చూడీ తప్పుతుంది. అయినా తిప్పితే ఉక్కుకేం కాదు, లోపలి మెత్తటి ఇత్తడి ఢిబ్రీ చూడీలే తెగిపోతాయి.

ఈ పావు అంగుళం వెనక పెద్ద కథే ఉంది. 1841కి ముందు ఇంగ్లండ్‌లో ఏ కార్ఖానా చూడీ దానిదే. ఒకరి పేచ్ ఇంకొకరి ఢిబ్రీకి పట్టేది కాదు. ఆ ఏడాది జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజినీరు అందరికీ ఒకే కొలత ప్రతిపాదించాడు. చూడీ వాలు 55 డిగ్రీలు, చుట్ల లెక్క అంగుళాల్లో. ఆ కొలత రైళ్లతో, ఫౌజుతో మన దేశానికీ వచ్చింది. మనం 1956లో చట్టం చేసుకుని, 1958 నుంచి అంచెలంచెలుగా మెట్రిక్‌కు మారాం. మెట్రిక్ చూడీ వాలు 60 డిగ్రీలు. బజార్లో బోల్టులు మారాయి, బ్యాండ్‌వాళ్ల చేతుల్లోని డ్రమ్ములు మారలేదు. మామూ డ్రమ్‌లో ఎనిమిదో ఢిబ్రీ ఆ మార్పులోనే నలిగింది.

పేచ్‌లు రాకముందు డ్రమ్‌ను తాడుతోనే బిగించేవారు. మన ఢోలక్ తాడుకు ఛల్లాలు ఉంటాయి చూడండి, హిసాబ్ అదే. అసలు ఫౌజీ బాజా ఫిరంగీల సొంతమేమీ కాదు. నఖ్ఖారా క్రూసేడుల కాలంలో యూరప్ వెళ్లి ఇంగ్లీషులో ‘నేకర్’ అయింది, తెలుగులో నగారా అయింది. పద్దెనిమిదో శతాబ్దంలో ఉస్మానీ తుర్కుల మెహ్తర్ బాజాను చూసి యూరప్ ఫౌజులు పెద్ద డ్రమ్మునీ తాళాలనీ తమ పటాలాల్లో చేర్చుకున్నాయి. తర్వాత అవే పటాలాలు ఆ బాజాతో సికింద్రాబాద్ ఛావనీకి వచ్చాయి. ఛావనీ బాణీ, ఆ బాజా, ఆఖరికి ఆ యూనిఫాం కూడా బరాత్‌లోకి దిగాయి. మీరట్‌లో నాదిర్ అలీ కంపెనీ 1885 నుంచీ బ్యాండ్ సామాను చేస్తోంది. మన చార్ కమాన్‌లో కాలీ కమాన్‌ను నఖ్ఖార్ ఖానా-ఎ-షాహీ అనేవారు. అక్కడ నఖ్ఖారా మోగితే దర్బారీ ఇజ్జత్. మా మామూ వాయిస్తే బాజావాలా.

రాణిగంజ్‌లో ఒక ముసలి ఖరాదీ దొరికాడు. డబ్బాలో వెతికి దువ్వెనలాంటి చూడీ గేజ్ తీశాడు. పాత రాడ్ మీద ఆనించి, “విలాయతీ” అన్నాడు. లగ్గు మొత్తం మార్చమంటాడేమోనని భయపడ్డాను. మార్చలేదు. తెగిన చోట కన్నం పెద్దది చేసి, ఇత్తడి కడ్డీ నుంచి చిన్న గుల్ల తీసి కూర్చాడు. దాంట్లో పాత లెక్క ప్రకారమే చూడీ కోశాడు. ఏడు రాడ్లలో ఒకదాన్ని నమూనాగా పెట్టుకుని ఎనిమిదోది తయారుచేశాడు. నికెల్ లేదు కాబట్టి అదొక్కటీ వేరేగా మెరుస్తుంది. నాకు అదే నచ్చింది, మరమ్మతు జరిగినట్టు కనపడాలి కదా.

ఇంటికొచ్చి చూడీలకు కొంచెం వాజలీన్ రాసి, ఎదురెదురు రాడ్లను జంటలుగా, అరచుట్టు చొప్పున బిగించాను. ఒక పక్కే బిగిస్తూ పోతే రింగు వంకరపోతుంది. అడుగున ఉన్నవి తాంత్ తీగలు, దూది ఏకే వింటికి కట్టే నరం లాంటివే. అవి బాగానే ఉన్నాయి. వాటిని చర్మానికి ఆనించి, వదిలించే మీట మాత్రం లొడలొడలాడుతోంది. ఈ డ్రమ్ మీద అన్నిటికంటే ఎక్కువ అరిగింది అదే. ఎందుకో ముమానీ చెప్పింది. బరాత్ మసీదు ముందుకు రాగానే బ్యాండ్ ఆగేది. పుల్లలు ఆపినా, నడకలో డ్రమ్ కదిలితే తీగలు వాటంతటవే జరజరమంటాయి. అందుకని మామూ ముందే మీట దించేసి, మసీదు దాటాక ఎత్తేవారట. జిందగీ అంతా.

పుల్లలు నా చేతికిచ్చి కిటికీ మూయమంది ముమానీ. రెండు దెబ్బలు కొట్టాను. ఎనిమిదో చోట కూడా ‘టక్’ అంది. ఆమె లేచి కిటికీ తెరిచింది.

మీట స్ప్రింగ్ ఇంకా మార్చాలి. ఖరాదీ వచ్చే జుమ్మా నమాజ్ తర్వాత రమ్మన్నాడు.