అగ్నిపర్వతం అంచున విడిది

ఎవరింట్లో పెళ్ళి కుదిరిందని తెలిసినా మా అమ్మమ్మ అడిగే మొదటి మాట కట్నం గురించీ కాదు, పిండివంటల గురించీ కాదు. "విడిది ఎవరింట్లో? ఆ యింటి నూతిలో నీళ్ళున్నాయా?" అనేది. మగపెళ్ళివారు కాఫీ చల్లారిందని అలిగితే బతిమాలుకోవచ్చుట. తెల్లారి యాభైమందికి స్నానాలకి నీళ్ళు లేకపోతే మాత్రం ఆ అలక తీర్చడం ఎవరి తరమూ కాదుట.

మొన్న మా అక్క కూతురు పంపిన ఫోటో చూస్తే అమ్మమ్మే గుర్తొచ్చింది. "పిన్నీ, వచ్చే నెల మేమిద్దరం దిగబోయే గది యిదే" అని రాసింది. కొండ అంచున తెల్లటి గది, విల్లులా వంగిన పైకప్పు, గుమ్మం ముందు నీలంగా మెరుస్తూ ఈతకొలను, దాని కింద అంతా సముద్రం. గ్రీసు దేశంలో శాంటోరిని ద్వీపం, ఇయా అనే వూరు. ఒక్క రాత్రికి అద్దె ఎంతో కూడా చెప్పింది. రెండుసార్లు అడిగించుకుని మరీ విన్నాను. ఆ అంకె యిక్కడ రాయడం దేనికి లెండి!

అసలు సంగతేమిటంటే అది గది కాదు, గుహ. ఒకప్పుడు వేరే గతిలేని వాళ్ళు తవ్వుకున్న గుహ.

ఆ ద్వీపం మొత్తం ఒక అగ్నిపర్వతం. సుమారు 3,600 ఏళ్ళ కిందట అది భయంకరంగా పేలింది. నడిమి భాగం కుంగిపోయి సముద్రం లోపలికొచ్చింది. మిగిలిన నేల నెలవంకలా వుంటుంది. లోపలి వైపు నిలువుగా కొండచరియ, కొన్నిచోట్ల మూడువందల మీటర్ల ఎత్తు. అప్పుడు కురిసిన బూడిద పదుల మీటర్ల మందాన పేరుకుపోయింది. ఆ బూడిద కింద ఒక పట్నమే వుంది. 1967లో స్పిరిడాన్ మరినాటోస్ అనే ఆయన అక్రోటిరి దగ్గర తవ్వకాలు మొదలుపెడితే రెండు మూడంతస్తుల యిళ్ళు, వీధుల కింద మురుగు కాలవలు బయటపడ్డాయి. ఒక యింటి గోడమీద కుంకుమపువ్వు కోస్తున్న ఆడపిల్లల బొమ్మలున్నాయి. ఒకమ్మాయికి కాలికి దెబ్బ తగిలి, నుదుటికి చెయ్యి ఆనించుకుని కూచుంటుంది. ఎన్ని వేల ఏళ్ళయినా ఆ నొప్పి మనకి తెలుస్తూనే వుంటుంది. ఆ యిళ్ళల్లో మనుషుల అస్థిపంజరాలు మాత్రం దొరకలేదు. ముందు వచ్చిన భూకంపాలకే జనం భయపడి వూరు వదిలారని చరిత్రకారుల మాట. భయపడటం కూడా ఒక తెలివే మరి!

మళ్ళీ ఎన్నో తరాల తరవాత వచ్చినవాళ్ళకి ఆ ద్వీపంలో యిల్లు కట్టుకుందామంటే కలప లేదు. నది లేదు. వున్నదల్లా ఆ బూడిద. అది చిత్రమైన బూడిద. గునపంతో తవ్వేటంత మెత్తన, తవ్వితే కూలిపోనంత గట్టి. అందుకని కొండచరియలోకే తవ్వుకుంటూ పోయారు. దూలాలు లేవు కనక పైకప్పుని కమానులా వంచారు. ఆ బూడిదనే సున్నంలో కలిపి గోడలకి పూశారు. మన పాతకాలపు మేడలకి సున్నంలో యిటికపొడి కలిపి గానుగలో ఆడించి గచ్చు చేసేవారే, అదే కిటుకు. ఆ బూడిద కలిసిన సున్నం నీళ్ళల్లో కూడా రాయిలా గట్టిపడుతుంది. సూయజ్ కాలవ తవ్వే రోజుల్లో, అంటే 1869లో అది తెరిచేముందు, పోర్ట్ సయీద్ దగ్గర కట్టడాలకి ఓడలమీద ఆ మట్టినే పట్టుకెళ్ళారు.

ఇంటి వరస కూడా చూడండి. ముఖం యిరుకు, లోతు ఎక్కువ. మధ్య గుమ్మం, దానికి అటొక కిటికీ, యిటొక కిటికీ, గుమ్మం పైన వెలుతురుకి మరో చిన్న కిటికీ. వెనకగదికి వేరే వెలుతురు దారి లేదు కనక, రెండు గదుల మధ్య గోడకీ అదే గుమ్మం, అవే కిటికీలు. పై యింటివాళ్ళు వాకిట్లో నిలబడ్డారంటే, నిలబడింది కింది యింటి కప్పుమీద అన్నమాట! వేసవిలో చల్లగా, చలికాలం వెచ్చగా వుంటాయి. వాకిలి కింద నేలతొట్టి. పడిన ప్రతి వానచినుకూ వాలు దారిని ఆ తొట్టిలోకే చేరాలి. ఏడాది పొడుగునా వంటకీ వార్పుకీ ఆ నీళ్ళే. మా అమ్మమ్మ వుంటే ఆ యింటికి వెంటనే మార్కులు వేసేది.

ఈ గుహల్లో వుండేది ఓడల్లో పనిచేసే కళాసీల కుటుంబాలు. ఓడల యజమానులు, కెప్టెన్లు పైన కొండ నెత్తిమీద మేడలు కట్టుకున్నారు. తెరచాప ఓడలు పోయి ఆవిరి ఓడలొచ్చాక ఇయా చితికిపోయింది. 1956 జూలై 9 తెల్లవారుజామున వచ్చిన భూకంపంలో వందల యిళ్ళు కూలాయి, యాభైమందికి పైగా చచ్చిపోయారు. మిగిలినవాళ్ళలో చాలామంది ఏథెన్స్ దారి పట్టారు. గుహలు బోసిపోయాయి.

1970ల్లో గ్రీసు ప్రభుత్వ పర్యాటక సంస్థకి ఒక మంచి ఆలోచన వచ్చింది. కొత్త హోటలు కట్టే బదులు ఆ పాత యిళ్ళనే బాగుచేసి అతిథులకి యిద్దామన్నారు. ఇళ్ళు సొంతదారులవే, బాగుచేసే ఖర్చు సంస్థది, కొన్నేళ్ళు నడుపుకున్నాక తిరిగి యిచ్చెయ్యడం. అదే కమాను, అదే గుమ్మం, అదే సున్నం. కొండమీద కొత్తగా ఏదో వెలిసిందని ఎవరికీ అనిపించలేదు. నన్నడిగితే ఇంతకన్నా మర్యాదగా ఒక వూరికి చుట్టపుచూపుగా వెళ్ళడం కుదరదు.

తరవాతే వచ్చింది చిక్కు. ఆ గుహల అందం ప్రపంచానికి తెలిసిపోయింది. తవ్విన వాళ్ళ మనవలు కొందరు అమ్ముకున్నారు, కొందరు తామే హోటళ్ళు పెట్టారు. ఆ డబ్బు వాళ్ళకి దక్కినందుకు మనం ఏడవనక్కర్లేదు, వాళ్ళ తాతలు పడ్డ యిబ్బంది చాలు. కానీ 15 వేల చిల్లర జనాభా వున్న ద్వీపానికి 2023లో 34 లక్షలమంది వచ్చారుట. తొట్టినీళ్ళు ఏమూలకి? సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసి గొట్టాల్లో పంపిస్తున్నారు. ఎక్కడ చూసినా అతిథులకి గదులే. ఆ వూరి బడికి బదిలీ మీద వచ్చిన పంతులమ్మకి మాత్రం అద్దెకి గది దొరకదు! ఈ సంగతి చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. పిల్లలకి చదువు చెప్పే మనిషికి చోటులేని చోట పెళ్ళివారికి విడిది ఎంత బాగుంటే ఏం?

2025 ఆరంభంలో భూమి మళ్ళీ కదిలింది. వారాల తరబడి, వేల ప్రకంపనలు. పదకొండు వేలమందికి పైగా ఓడల్లో, విమానాల్లో వూరు వదిలారు, అక్రోటిరి వాళ్ళలాగే. అప్పుడు అధికారులు హోటళ్ళకి చెప్పిన జాగ్రత్తల్లో ఒకటి, ఈతకొలనుల్లో నీళ్ళు తీసెయ్యమని. నేల కదిలినప్పుడు అంత నీటి బరువు కట్టడాలకే ముప్పని. వాకిలి కింద దాగివుండాల్సిన నీళ్ళని కొండ అంచుకి తెచ్చి పెట్టుకున్నారు మరి.

ఇదంతా మా అక్క కూతురికి చెప్పి, వూరికే భయపెట్టానేమోనని నాలుక కరుచుకున్నాను. అది నవ్వేసి వెళ్ళింది. వెళ్ళేముందు ఒక్క పని అప్పజెప్పాను: వాకిలి కింద పాత తొట్టి వుందేమో కనుక్కోమని.

వారం తరవాత జవాబొచ్చింది. "వుంది పిన్నీ, చాలా పెద్దది. లోపలికి మెట్లు కట్టి దీపాలు పెట్టారు. గోడలనిండా వైను సీసాలు."