తాకుతోందా, తాకడం లేదా?

శుక్రవారం, బడికి సెలవు. దోహా పక్కనున్న ముఐథర్‌లో పొద్దున పదికే గోడలు కాలిపోతున్నాయి. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికి రండి. ఏసీ ఎదురుగా పరిచిన చాప మీద ఆరో తరగతి పిల్లలు సర్దుకుని కూర్చున్నారు. అందరూ తెలుగిళ్ల పిల్లలే.

పక్కింటి అబ్బాయి నోటుబుక్కు మీ ముందుకు తోస్తాడు. "ఆంటీ, 'ఐ కేమ్ ఇన్ ద బస్' కరెక్టేనా?"

బస్సులోనే కదా వచ్చాడు! తప్పు అనకండి. "బస్సులో లేచి నడవగలవా, నాన్నా?"

"నడుస్తా."

"మీ డాడీ కారులో?"

"తల తగుల్తుంది!"

లేచి నడవగలిగే బస్సుకీ విమానానికీ 'ఆన్', ఒదిగి కూర్చునే కారుకీ ట్యాక్సీకీ 'ఇన్'. 2019లో మొదలైన దోహా మెట్రో వాళ్లకి బాగా అలవాటే. "అయితే ఆన్ ద మెట్రో!" అని వాళ్లే అందుకుంటారు.

ఇప్పుడొక ఖర్జూరం టీపాయ్ మీద పెట్టండి. "ఆన్ ద టేబుల్," అంటారు. దాన్ని జానెడు ఎత్తులో పట్టుకోండి. మళ్లీ "ఆన్" అనే అంటారు. తెలుగులో ఫ్యానూ పైనే, అటక మీది పెట్టే పైనే మరి. ఖర్జూరాన్ని ఒక పాప చేతికివ్వండి. మెల్లగా దించుతుంది. వేలెడు ఎత్తులో ఆగుతుంది. "తాకిందా?" "లేదు." "అయితే అబవ్." ఇంకొంచెం దించుతుంది. పండు చెక్కకి అంటుకుంది. "ఆన్!" చటుక్కున నోట్లో వేసుకుని, "ఇన్!" అంటుంది. ఇంక ఆ పిల్లకి ప్రిపొజిషన్ల పట్టిక అక్కర్లేదు.

ఇంగ్లిషు బాగుపడాలంటే ఇంట్లో తెలుగు మానేయాలనే సలహా వింటే నాకు కడుపు మండుతుంది. చిన్నయ సూరి బాలవ్యాకరణం అచ్చయింది 1858లో. అందులోని విభక్తుల వరుస ఈ పిల్లలెవరూ వల్లె వేయలేదు. అయినా 'లో', 'తో', 'కి' ఎక్కడ పడాలో వాళ్ల నాలుకకి తెలుసు. మాట వెనకాల తగిలించేది ఇంగ్లిషులో ముందుకొస్తుందని చూపిస్తే సగం దారి దాటినట్టే. మిగతా సగం ఇలా ఒక్కో పండుతో, ఒక్కో బస్సుతో నడిపించాలి.

మూల నుంచి ఇంకొకడు చదువుతున్నాడు: "వీ డిస్కస్డ్ అబౌట్ ద మ్యాచ్." మన 'గురించి' అందులో దూరింది. "అక్కడ అబౌట్ అక్కర్లేదు, బంగారం. డిస్కస్ అంటేనే ఫలానా దాని గురించి మాట్లాడుకోవడం."

"మరి టాక్ అబౌట్ అంటాం కదా ఆంటీ?"

"అంటాం. టాక్ ఒక్కటే అంటే దేని గురించో తేలదు. రెండూ పక్కపక్కన రాయి, చూద్దాం."