లోహశోధక యంత్రము: దాని బరువు, మన బాధ్యత



నేలలో దాగియున్న లోహమును మ్రోతచే దెలియజేయు యంత్రమొకటి గలదు. జనులు దానిని మెటల్ డిటెక్టరందురు. నేను లోహశోధకమని పిలిచెదను. దీనిని కొనదలచిన రైతులు నన్నడుగు ప్రశ్న సాధారణముగా నొక్కటే: "మాస్టారూ, ఇది ఎంత లోతు చూస్తుందండీ?" నేను తిరిగి వేసెడి ప్రశ్న వేఱు: "నీవు దానిని ఎంతసేపు మోయగలవు నాయనా?" ఈ యంత్రముయొక్క చరిత్రమును నడిపినది చాలవఱకీ రెండవ ప్రశ్నయే. ఆ చరిత్రమును, దానితోబాటు మన కృష్ణాతీరపు మట్టి నేర్పు పాఠమును నేడు మనవి చేసెదను.

ఈ యంత్రమునకు రాగితీగ చుట్టయే ప్రాణము. అందు విద్యుత్తు అటునిటు మాఱుచుండగా చుట్టును అయస్కాంతక్షేత్రమేర్పడును. ఆ క్షేత్రములో లోహపుముక్క యున్నచో, దానిలో స్వల్పమైన విద్యుత్ప్రవాహము పుట్టి తన యునికిని తిరిగి తీగచుట్టకు దెలుపును. దానినే యంత్రము మ్రోతగా మార్చి మన చెవికి వినిపించును.

1881వ సంవత్సరము జూలై 2వ తేదీని వాషింగ్టను రైలుస్టేషనులో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డును ఒకడు తుపాకితో గాల్చెను. గుండు దేహములో నెచ్చట నిలిచినదో వైద్యులకు దెలియలేదు. టెలిఫోనును సృజించిన అలెగ్జాండరు గ్రహాంబెల్లు తీగచుట్టలతో నొక పరికరమును గూర్చి వెదకిచూచెను. గాని ప్రయత్నము ఫలింపలేదు. రోగి పరుండిన పఱుపులోని ఉక్కు స్ప్రింగులు భ్రమ గొలిపినవని చెప్పుదురు. సెప్టెంబరు 19వ తేదీని అధ్యక్షుడు గతించెను. వెదకువాడు తన చుట్టునున్న ఇనుమును ముందుగా దొలగించుకొనవలెనను నీతి ఆనాడే తేలినది. నేటికిని పార చేతబట్టుకొని శోధించువాడు ఆ పారనే శోధించుచుండును.

తరువాత జర్మనీనుండి అమెరికాకు వలసపోయిన గెర్హార్డు ఫిషరను వాడు, రేడియోతో దిక్కును దెలుపు పరికరములమీద బనిచేయుచు, లోహవస్తువులు దాపున నున్నపుడు ఆ దిక్కు తప్పుచుండుటను గమనించెను. ఆ దోషమునే గుణముగా మలచి శోధకమును నిర్మించి 1937లో పేటెంటు పొందెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1941లో, స్కాట్లండులోనున్న పోలెండు సైనికాధికారి యూజెఫ్ కోసాట్స్కీ మందుపాతరలను గనిపెట్టుటకు ఒక్క మనుష్యుడు మోయదగిన యంత్రమును రూపొందించెను. దాని బరువు 30 పౌండ్లకు, అనగా పదమూడున్నర కిలోలకు, ఇంచుక తక్కువ. 1942లో ఐగుప్తదేశపు ఎల్ అలమీన్ యుద్ధమునకు అట్టి యంత్రములు 500 పంపబడెను. గంటకు 100 చదరపు మీటర్ల నేలను శోధించుచుండిన సైనికులు వానితో 200 చదరపు మీటర్లు శోధింపగలిగిరి. చేయి అలసి ఒక్క అడుగు నేలను విడిచిపెట్టినచో వెనుక వచ్చువాని ప్రాణము పోవును. బరువు తగ్గించుట సుఖముకొఱకే కాదని ఇందువలన దెలియుచున్నది.

1947లో ట్రాన్సిస్టరు పుట్టినది. గాజుబుడ్డీల వాల్వులు పోయినవి. వానికి వలయు పెద్ద బ్యాటరీలును పోయినవి. నేడు దొరకు చేతియంత్రములు పెక్కు ఒక కిలోకును ఒకటిన్నర కిలోకును నడుమ దూగును. అరువది యేండ్లు దాటిన నావంటివాడును వానిని ఎత్తగలడు. కాని ఎత్తుట వేఱు, పూటంతయు ఊపుచు నడచుట వేఱు.

ఈ భేదమును నాకు బోధించినది గ్రంథము కాదు, విజయవాడ ఆటోనగరు. వరికోతలలో మా పొరుగింటి కోడలి పుస్తెలతాడు చేనులో జాఱిపోయినది. ఒక మిత్రుని యంత్రమును ఎరువు దెచ్చి మోళ్లలో వెదక నారంభించితిని. గంట గడువకముందే ముంజేయి మొద్దుబాఱినది. కాటాలో దూచితే అది ఒకటిన్నర కిలోయే! మఱునాడు దానిని దీసికొని ఆటోనగరమునకు బోయితిని. లారీలకు బాడీలు గట్టు సుత్తిదెబ్బలు, వెల్డింగు మెఱపులు నడుమ నొక మేస్త్రి దానిని రెండు వ్రేళ్లపై నిలిపి చూచి, "బరువు ఎక్కువై కాదండీ మాస్టారూ, బరువంతా ముక్కు దగ్గరే ఉంది, అందుకే చెయ్యి లాగేస్తోంది" అనెను. ముందువైపుననున్న బ్యాటరీపెట్టెను ఊడదీసి, తీగ పొడిగించి, మోచేతి వెనుకకు బిగించి యిచ్చెను. ఒక్క తులమైనను తగ్గలేదు. అయినను మరుసటిదినము మధ్యాహ్నమువఱకు నేను నొప్పి యెఱుగక తిరిగితిని. గట్టుప్రక్కను నాలుగు వ్రేళ్ల లోతున తాడు దొరకినది. కావడికి ఒక్కవైపుననే కుండ గట్టి మోయుమన్న నెవడు మోయగలడు? రెండవ కుండ బరువును పెంచును, భారమును తగ్గించును.

కావున కొనువారు కాటాబరువు నొక్కదానినే చూడరాదు. కామను చేతబట్టి నిటారుగా నిలువవలెను. మోచేయి కొంచెము వంగియుండగా తీగచుట్ట పళ్లెము నేలకు అంగుళము ఎత్తున నాడవలెను, నడుము వంగరాదు. అందులకై కామ పొడవు మార్చుకొనదగినదై యుండవలెను. ముంజేతిని బట్టియుంచు దోనె మెత్తగాను వెడల్పుగాను ఉండవలెను. పళ్లెము పెద్దదైనకొలది లోతు చూచును గాని, బరువు కామ చివరకే చేరును. మేకులు, సీసామూతలు నిండిన చేనిలో చిన్న పళ్లెమే మేలు. భుజమునకు వ్రేలాడదీయు పట్టీ యున్నచో చేతి భారములో గొంత భుజము మోయును. దివిసీమలోను, బందరు తీరమునను ఉప్పునీటితో దడిసిన నేల తానే విద్యుత్తును ప్రసరింపజేసి అబద్ధపు మ్రోతలు పుట్టించును. అచ్చటివారు పెక్కు పౌనఃపున్యములతో బనిచేయు యంత్రమును గోరవలెను. దుకాణములో నిముసము కాదు, అరగంట యూపి చూచి మఱి కొనవలెను.

ఇక బరువుకంటె ముఖ్యమైన మాట. ఈ యంత్రము చేతబడగానే మనస్సు పాతదిబ్బలవైపు పరుగెత్తును. అట్టి పరుగు మన సీమకు క్రొత్త కాదు. పదునెనిమిదవ శతాబ్దాంతమున రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అమరావతిలో నగరము గట్టించుచున్నపుడు, దీపాలదిన్నె యను దిబ్బను ద్రవ్వి ఱాళ్లు గొనిపోయిరి. 1797లో కర్నలు మెకంజీ వచ్చి చూచెను. 1816లో మఱల వచ్చునప్పటికి ఆ మహాస్తూపముయొక్క నడిబొడ్డున చెఱువు త్రవ్వబడియుండెను! భట్టిప్రోలు స్తూపపు పాలరాతిని కృష్ణకాలువకు వెల్లటూరువద్ద గట్టిన తూములో వాడిరి. మిగిలినదానిని 1892లో అలెగ్జాండరు రే శాస్త్రోక్తముగా ద్రవ్వగా ధాతుపేటికలు బయల్పడినవి. వానిలో బంగారు పూవులు నుండెను. కాని లోకము నేటికిని భట్టిప్రోలును దలచునది ఆ బంగారముకొఱకు కాదు, ఆ రాతిపేటికలపై జెక్కిన బ్రాహ్మీలిపి యక్షరములకొఱకు.

ఇచ్చట నొక్క విషయము గమనింపుడు. లోహశోధకము ఆ యక్షరములపై దిరిగినను పలుకదు. రాతికి, స్ఫటికమునకు, లిపికి అది చెవిటిది. బంగారు పూవుకొఱకు గునపము వేసినవాడు అక్షరమును బగులగొట్టును. శాతవాహనుల సీసపు నాణెములకు యంత్రము పలుకును గాని, లోభి వానిని పనికిరాని సీసమని పాఱవైచును. దానిపైనున్న రాజు పేరు దానితోనే పోవును. ఏ వస్తువు ఏ పొరలో, దేని ప్రక్కను దొరకినదో అదియే చరిత్రము. పెఱికిన వస్తువు మూగది.

ధర్మశాస్త్రమట్లుండ, చట్టము మాటయు వినుడు. 1878నాటి నిక్షేపచట్టము ననుసరించి, నేలలో దాగియుండి దొరకిన వస్తువు విలువ పది రూపాయలకు మించినచో కలెక్టరునకు వ్రాతమూలముగా దెలుపవలెను. దాచినవానికి ఏడాదివఱకు కారాగారము గాని, జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. తెలిపినవానికి ఆ చట్టమే వాటా నేర్పఱచినది. 1958నాటి పురాతన స్మారకముల చట్టము రక్షితస్థలములలో అనుమతిలేని త్రవ్వకమును నిషేధించుచున్నది.

పెద్దలారా! మీ గ్రామములో దిబ్బయున్నచో దానికి కాపరులు మీరే. పిల్లలు ఈ యంత్రమును దెచ్చిన వలదనకుడు. జాఱిన పుస్తెలతాడును, దుక్కిలో విఱిగిన కఱ్ఱును వెదకుటకు అది మంచి సేవకుడు. దానిని తేలికయైనదానినే కొనుడు. చేయి నొవ్వక పనిచేయును. కాని దిబ్బ దగ్గఱకు వచ్చునప్పటికి దానిని భుజముపై వైచుకొని, చుట్టు తిరిగి పొండు. ఆ దిబ్బలో యంత్రము వినలేనిది మన పూర్వులు మనకు వ్రాసియుంచిరి.